వేర్వేరు రంగాల సంస్థలు కలిసి పనిచేసేటప్పుడు సమన్వయ బాధ్యత ఎవరు తీసుకోవాలి?

ప్రశ్న:
పిల్లలు మధ్యలోనే బడి మానేయకుండా చూసేందుకు మా స్వచ్ఛంద సంస్థ, విద్యాశాఖ, ఒక ప్రైవేటు కంపెనీ కలిసి అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. సమావేశాలు క్రమం తప్పకుండా జరుగుతున్నా, ఎవరి పని వారు చేసుకుపోవడమే తప్ప ఉమ్మడి కృషి కనిపించడం లేదు. లోపం ఎక్కడుందంటారు?

మొదటి సమాధానం:
ముందుగా మీ ముగ్గురి లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. సాధారణంగా శాఖ హాజరుపట్టీలో ఉన్న పేర్లను లెక్కిస్తుంది, స్వచ్ఛంద సంస్థ పట్టీలో పేరుండీ తరగతికి రాని పిల్లలను లెక్కిస్తుంది, కంపెనీ మాత్రం పంచిన పుస్తకాల సంచులను లెక్కిస్తుంది. మూడు నివేదికలూ నిజమే అయినా వాటిని కలిపి చదివితే ఏమీ తేలదు. 2011లో సామాజిక రంగ సలహాదారులైన జాన్ కానియా, మార్క్ క్రామర్ ఇలాంటి సమష్టి కృషికి అవసరమని చెప్పిన ఐదు అంశాల్లో ఉమ్మడి కొలమానం ఒకటి, సమన్వయం కోసమే పనిచేసే ప్రత్యేక వ్యవస్థ మరొకటి. ఈ రెండోదానికి డబ్బు ఇచ్చేవారే దొరకరు. సంచుల మీద పేరు వేసుకోవచ్చు కానీ సమన్వయకర్త జీతం మీద వేసుకోలేరు కదా.

రెండవ సమాధానం:
పై మాటతో ఏకీభవిస్తున్నాను. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, రోటరీ ఇంటర్నేషనల్, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు కలిసి ప్రారంభించిన పోలియో నిర్మూలన కార్యక్రమమే ఇందుకు ఉదాహరణ. నిధుల సేకరణ, స్వచ్ఛంద సేవకుల సమీకరణ రోటరీ చూసుకుంటే, టీకాల సేకరణతో పాటు తల్లిదండ్రులను ఒప్పించే బాధ్యతను యునిసెఫ్ తీసుకుంది. పదిహేనేళ్లలోపు పిల్లలకు హఠాత్తుగా కాళ్లూచేతులూ చచ్చుబడితే, అది పోలియోనో కాదో తేల్చడానికి మల నమూనాను ప్రయోగశాలకు పంపడం చాలా దేశాల్లో ఒకే పద్ధతిలో సాగింది కాబట్టి, ఫలితం గురించి భాగస్వాముల మధ్య వాదన మిగలలేదు. అయితే బడి మానేయడాన్ని ప్రయోగశాల తేల్చదు. నిర్వచనం మీరే కూర్చుని రాసుకోవాలి.

మూడవ సమాధానం:
ఆ నిర్వచనం రాసే చోట తల్లిదండ్రులు ఉంటారా అన్నది నా సందేహం. కానియా, క్రామర్ నమూనాపై వచ్చిన ప్రధాన విమర్శ కూడా, సమస్యను అనుభవిస్తున్నవారిని పక్కనపెట్టి సంస్థల పెద్దలే నిర్ణయాలు తీసుకుంటారన్నదే. అలాగే, పిల్లల వివరాలను కంపెనీకి పేర్లతో సహా ఇవ్వవలసిన అవసరం లేదు, మొత్తం సంఖ్యలు చాలు. ఈ విషయం మీ ఒప్పందంలో లేకపోతే తదుపరి సమావేశంలోనే చేర్చండి.