బిల్డర్ జెల్: ఒకే బొట్టుతో కట్టాలా, పలుచని పొరలుగా వేయాలా?

కొత్తచేయి
రెండు నెలలుగా నా గోళ్లకు నేనే బిల్డర్ జెల్ (గోరును బలపరచే జెల్, ల్యాంప్ వెలుగులో గట్టిపడుతుంది) వేసుకుంటున్నాను. ఎక్స్‌టెన్షన్ కాదు, సొంత గోళ్ల మీద పూతలా వేసే ఓవర్‌లే మాత్రమే, కాస్త పొడవు వచ్చేదాకా విరక్కుండా ఉంటే అదే చాలు. ఎవరిని అడిగినా రెండు రకాలుగా చెబుతున్నారు. ఒకటి, ముందు అదే జెల్‌ను పలుచగా స్లిప్ లేయర్‌గా రాసి, అది తడిగా ఉండగానే మీద పెద్ద బొట్టు పెట్టి, బ్రష్‌తో నడిపించి, వేలు తిరగేసి పట్టుకుని, అపెక్స్ (గోరు మీద ఎత్తైన భాగం) కుదిరాక ల్యాంప్‌లో పెట్టడం. రెండోది, నెయిల్ పాలిష్ వేసినట్టే ఒక పొర వేసి క్యూర్ చేయడం (ల్యాంప్‌లో గట్టిపరచడం), ఇంకో పొర వేసి క్యూర్ చేయడం, చాలకపోతే మూడోది. బొట్టు పెడితే నాకు జెల్ పక్కలకు జారి చర్మం మీదికి పోతోంది. పొరలు వేస్తే ఆ గొడవ లేదు గానీ పదో రోజుకే చూపుడువేలి గోరు పక్కన చీలిపోయింది. ఏ పద్ధతి పట్టుకుని ప్రాక్టీస్ చేయమంటారు?

పాతబ్రష్
బొట్టు పద్ధతే నేర్చుకోండి, రెండో ఆలోచన వద్దు. పన్నెండేళ్లుగా ఇదే నా పని. మీ గోరు పక్కన ఎందుకు చీలిందో మీ పోస్టులోనే ఉంది, పాలిష్ వేసినట్టు వేశానన్నారు కదా, అలా వేస్తే మందం అంతటా ఒకేలా ఉంటుంది. గోరు వేలిని వదిలి బయటికొచ్చే చోటు దగ్గరే వంగుతుంది, ఆ చోటే బలం అడుగుతుంది. అక్కడ కాస్త ఎత్తు, క్యూటికల్ (గోరు మొదట్లో ఉండే చర్మం) దగ్గరా అంచుల దగ్గరా పలుచదనం, అదే అపెక్స్. జెల్ తడిగా ఉన్నప్పుడు దానంతటదే ఆ ఆకారంలోకి సర్దుకుంటుంది, మనం చేయాల్సిందల్లా తొందరపడకపోవడం.

బొట్టు ఎలా నడపాలో కూడా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. గోరు మధ్యకు కొంచెం వెనకగా బొట్టు పెట్టండి. బ్రష్ కొసతో దాన్ని క్యూటికల్ వైపు నెమ్మదిగా నెట్టండి, వెంట్రుక మందం ఖాళీ ఉండగానే ఆపేయండి, మిగతాది ముందుకు లాగండి. బ్రష్ గోరుకు తగలకూడదు, జెల్‌కే తగలాలి. తగిలిందంటే కింది స్లిప్ లేయర్ గీసుకుపోయి అక్కడ గుంట పడుతుంది, ఆ గుంట పూడ్చాలని ఇంకో చుక్క, అది జారిందని ఇంకో దిద్దుబాటు, ఇలా పెరుగుతూ పోతుంది. తర్వాత వేలు తిరగేసి ఐదు, పది సెకన్లు పట్టుకోండి, జెల్ మధ్యకు దిగుతుంది. మళ్లీ తిప్పి ట్యూబ్‌లైట్ కింద చూడండి. గోరు మీద తెల్లటి వెలుగు గీత ఒకటి పడుతుంది కదా, అది మెలికలు తిరక్కుండా సాఫీగా సాగితే మీ పని అయిపోయినట్టే, గోరు అరగదీసే ఫైల్ ముట్టుకోనక్కర్లేదు.

పలుచపొర
అక్కా, మీ అనుభవం మీద గౌరవం ఉంది, కానీ ఈ సలహా సొంత గోళ్లకు వేసుకునేవాళ్లకు సరిపోదు. మీరు ఎదుటి మనిషి చేయి పట్టుకుని రెండు చేతులతో పని చేస్తారు. ఆమె కుడిచేతికి ఎడమచేత్తో వేసుకోవాలి. ఎడమచేతిలో బ్రష్ వణుకుతుంటే స్లిప్ లేయరూ దాని మీద బొట్టూ అంతా ద్రవంలాగే ఉంటుంది, ఒక్క కదలిక తప్పితే నేరుగా చర్మం మీదికి. పొరల పద్ధతిలో తప్పు చేసినా పలుచని పొరలోనే చేస్తాం, క్యూర్ చేయకముందే తుడిచేసి మళ్లీ వేసుకోవచ్చు.

ఇంకోటి, వేడి సంగతి ఎవరూ ఎత్తడం లేదు. జెల్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, అది ఆ రసాయన చర్య స్వభావం. ఒకేసారి ఎక్కువ జెల్ గట్టిపడితే ఎక్కువ వేడి. నా గోళ్లు పలుచన, ఇంతకుముందు మోటుగా తీయించుకోవడం వల్ల ఇంకా పలుచబడ్డాయి. మొదటిసారి బొట్టు పద్ధతిలో ఉంగరపు వేలు ల్యాంప్‌లో పెట్టగానే సూది గుచ్చినట్టు మండి చేయి లాగేసుకున్నాను, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పొరలు మొదలుపెట్టాక ఒక్కసారి కూడా అలా కాలేదు.

పాతబ్రష్
వేడి నిజమే, కాదనను. దానికి మందు పద్ధతి మార్చుకోవడం కాదు, ల్యాంప్‌ను అదుపులో పెట్టుకోవడం. తక్కువ వేడి మోడ్ ఉంటే అది వాడండి. లేదంటే చేయి లోపల పెట్టి, వేడి మొదలవగానే బయటికి తీసి, రెండు మూడు సెకన్లాగి మళ్లీ పెట్టండి. అయితే బయటికి తీసినవాళ్లు మళ్లీ పూర్తి సమయం క్యూర్ చేయడం మర్చిపోతుంటారు, అది మాత్రం చేయకండి. పైన గట్టిగా, లోపల పచ్చిగా ఉండిపోతే ఆ తర్వాత వచ్చే బాధ మంటకంటే పెద్దది.

అలర్జీ తర్వాత
ఈ చర్చలో ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. జెల్ చర్మం మీదికి పోతోంది అని మొదటి పోస్టులో రాశారే, నాకు అక్కడే గుండె ఆగినట్టయింది. నాకూ సరిగ్గా అలాగే మొదలైంది. ఏడాది పాటు కొంచెం చర్మానికి తగిలినా పట్టించుకోలేదు, క్యూర్ అయ్యాక గీకేస్తే పోతుందిలే అనుకున్నాను. ఒకరోజు వేళ్ల కొసలు దురద, తర్వాత గోరు చుట్టూ చర్మం ఎర్రబడి పగుళ్లు. చర్మవైద్యురాలు ప్యాచ్ టెస్ట్ చేసి అక్రిలేట్ అలర్జీ, అంటే ఈ జెల్లులో ఉండే రసాయనాలకు అలర్జీ, అన్నారు. ఇది ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది, గోళ్లతోనే ఆగదు కూడా, పళ్లకు వేసే కొన్ని ఫిల్లింగ్ పదార్థాల్లోనూ అక్రిలేట్లే ఉంటాయి.

యూరోపియన్ యూనియన్‌లో 2021 నుంచి హెమా, డై-హెమా అనే ఈ రకం రసాయనాలు ఉన్న గోళ్ల ఉత్పత్తులు నిపుణుల వాడకానికి మాత్రమే అనీ, అలర్జీ రావచ్చనీ లేబుల్ మీద రాయాల్సిందే. హెమా లేదని రాసిన సీసాలో కూడా వేరే అక్రిలేట్లు ఉంటాయి, ఆ ఒక్క మాట చూసి ధీమాగా ఉండకండి. కాబట్టి నా దృష్టిలో ప్రశ్న బొట్టా, పొరా అన్నది కాదు. మీ చేతికి ఏ పద్ధతిలో చర్మానికి అంటకుండా వస్తుందో అదే మీ పద్ధతి. అంటితే ల్యాంప్‌లో పెట్టకముందే తుడవండి. తుడవడం కుదరకపోతే ఆ వేలి జెల్ మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టండి, పది నిమిషాలు పోతే పోనివ్వండి.

అచ్చుల అభిమాని
మూడో దారి ఒకటుంది, డ్యూయల్ ఫామ్. అచ్చు లోపల జెల్ నింపి గోరు మీద నొక్కి, పైనుంచే క్యూర్ చేస్తే అపెక్స్ అచ్చులోనే తయారై వస్తుంది. నేను ఏడాదిగా ఇదే.

అలర్జీ తర్వాత
నొక్కినప్పుడు అదనపు జెల్ నాలుగు వైపులకూ చర్మం మీదికి పొంగుతుంది. కొలత సరిగ్గా తెలిసేదాకా కొత్తవాళ్లకు నేనైతే చెప్పను. అదీకాక ఆమెకు పొడవు అక్కర్లేదన్నారు.

అచ్చుల అభిమాని
తక్కువ జెల్ తీసుకుని, నొక్కాక పక్కలు బ్రష్‌తో తుడిచి, అప్పుడు క్యూర్ చేస్తే పొంగదండి. సరే, ఓవర్‌లేకి అది ఎక్కువ పనే, ఒప్పుకుంటాను.

సీసా చదివేది
అందరూ పద్ధతి గురించే కొట్టుకుంటున్నారు, ఆమె వాడే జెల్ ఏమిటో ఒక్కరూ అడగలేదు. కొత్తచేయి గారూ, మీది సీసాలో బ్రష్‌తో వచ్చేదా, డబ్బాలో వచ్చేదా? మూత తీసి బ్రష్ పైకెత్తితే జెల్ తేనెలా ధారగా కారుతుందా, ముద్దలా వేలాడుతుందా?

ఇది ఎందుకు అడుగుతున్నానంటే, ఈ గొడవలో సగం జెల్ చిక్కదనం నుంచే పుడుతోంది. పాతబ్రష్ గారు చెప్పే తిరగేసి పట్టుకునే కిటుకు మధ్యరకం చిక్కదనానికి అద్భుతంగా పనిచేస్తుంది. బాగా పలుచని జెల్ అయితే వేలు తిరగేసేలోపే పక్కలకు చేరుకుంటుంది. బాగా చిక్కటిది ఎంతసేపు తిరగేసినా కదలదు, పెట్టినచోటే కూర్చుంటుంది, దాన్ని బ్రష్‌తోనే మలచాలి, తర్వాత ఫైల్ కూడా పట్టాలి. గది వెచ్చగా ఉంటే ఇదే జెల్ ఇంకా పలుచబడుతుంది. నిన్న కుదిరిన బొట్టు ఇవాళ జారుతోందంటే మీ చేతిని తిట్టుకోకండి, డబ్బాను కాసేపు చల్లటిచోట పెట్టి చూడండి.

రంగు కూడా చూడాలి. పారదర్శకమైన జెల్‌లో వెలుగు కిందిదాకా దిగుతుంది. తెలుపు, ముదురు గులాబీ లాంటి నిండు రంగుల్లో రంగు పొడి వెలుగును అడ్డుకుంటుంది, మందంగా బొట్టు పెడితే అడుగు పచ్చిగా మిగిలే ప్రమాదం ఎక్కువ. నిండు రంగుకు నేను పొరల పక్షమే, అందులో సందేహం లేదు.

కొత్తచేయి
సీసాలోదేనండి. బ్రష్ పైకెత్తితే ఆగకుండా కారుతుంది, తేనెకంటే కూడా పలుచనే. లేత గులాబీ, వెనక గోరు కనిపిస్తుంది. అలర్జీ గురించి చదివాక భయం వేసింది, ఇన్నిరోజులూ చర్మం మీద క్యూర్ అయినదాన్ని గీకేస్తూనే ఉన్నాను. ఇకమీదట చేయను.

పలుచపొర
చూశారా. ఆ జెల్‌తో పెద్ద బొట్టు నడపమనడం అన్యాయం. అయితే పాతబ్రష్ అక్క చెప్పిన అపెక్స్ మాట కూడా నేను ఒప్పుకోవాలి, పొరలు వేసేవాళ్లం చాలామంది రెండో పొర కూడా మొదటిదానిలాగే గోరంతా పరుస్తాం, అక్కడే చెడుతుంది. నేను చేసేది ఇది: మొదటి పొర గోరంతా పలుచగా, క్యూర్. రెండోది మధ్యభాగంలోనే, క్యూటికల్‌కూ పక్క అంచులకూ దూరంగా, చిన్న చుక్కతో, క్యూర్. మూడోది ఆ రెండింటినీ కలుపుతూ మొత్తం మీద. క్యూర్ అయ్యాక పైన మిగిలే జిగురు పొరను మధ్యలో తుడవొద్దు, ఆ జిగురే తర్వాతి పొరను పట్టుకునేది. ఫైల్ పెట్టాలనుకుంటే మాత్రం ముందు తుడిచి, ఫైల్ చేసి, దుమ్ము పూర్తిగా తీశాకే తర్వాతి పొర.

పాతబ్రష్
మధ్యలో చుక్క పెడుతున్నారంటే మీరు చేసేదీ బొట్టు పద్ధతే, కాకపోతే స్లిప్ లేయర్‌ను ముందే గట్టిపరుస్తున్నారు. పలుచని జెల్‌కు ఇది మంచిదే, ఒప్పుకుంటాను. కానీ నా మాట మీద నేను ఉన్నాను. ఎప్పటికీ దీంతోనే సరిపెట్టుకోకండి. మూడుసార్లు క్యూర్ అంటే ఒక చేతికే ఎంత సమయం? మధ్యరకం జెల్ ఒకటి తీసుకుని, ఒక్కొక్క వేలికే వేసి, వేయగానే కొన్ని సెకన్లు ఫ్లాష్ క్యూర్ చేసి ఆపుకుంటూ పోతే జారే సమస్యే ఉండదు. ఐదు వేళ్లకూ వేసేదాకా ఆగడం వల్లే మొదటి వేలిలో జెల్ పక్కలకు చేరుతుంది. చివర్లో మొత్తం చేతికి పూర్తి క్యూర్.

పలుచపొర
సొంత గోళ్లకు సమయం పెద్ద లెక్క కాదక్కా. ఎదురుగా క్లయింట్ కూర్చుని లేరు కదా. నా గోళ్లకు నేను బొట్టుకు రాను.

సీసా చదివేది
ఒక విషయం ఇద్దరికీ. ఏ పద్ధతైనా మొదటి పొర క్యూటికల్ దగ్గర గోరుకు అంటిపెట్టుకున్న మృతచర్మం మీద పడితే అక్కడినుంచే లేస్తుంది. లిఫ్టింగ్ వచ్చిన ప్రతిసారీ పద్ధతిని నిందించే ముందు ప్రిప్, అంటే జెల్ వేసేముందు గోరును సిద్ధం చేయడం, చూసుకోవాలి.

కొత్తచేయి
పదహారు రోజుల తర్వాత వచ్చాను, రెండు చేతులకూ రెండు రకాలుగా చేసి చూశాను. ఎడమచేతికి మధ్యరకం జెల్ కొని పాతబ్రష్ అక్క చెప్పినట్టు ఒక్కో వేలికి బొట్టు, ఫ్లాష్ క్యూర్. కుడిచేతికి పాత సీసాతోనే పలుచపొర గారి మూడు పొరలు, మధ్యలో చుక్కతో. ఎడమచేత్తో బ్రష్ పట్టుకుని బొట్టు నడపడం నా వల్ల కాలేదు, అందుకే అలా పంచుకున్నాను.

ఎడమచేతిలో వెలుగు గీత నిజంగానే సాఫీగా వచ్చింది, మొదటిసారి చూసినప్పుడు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఒక్క గోరూ చీలలేదు. మధ్యవేలికి వేడి తగిలింది, బయటికి తీసి మళ్లీ పెట్టాను. కుడిచేతికి దాదాపు గంట పట్టింది, చూపుకు కొంచెం ఎగుడుదిగుడుగా ఉన్నాయి, 180 గ్రిట్ (గరుకు) ఫైల్‌తో సరిచేసుకోవాల్సి వచ్చింది, కానీ అవీ చీలలేదు. ఈసారి ఏ వేలికీ చర్మానికి అంటలేదు, రెండు వేళ్లకు మాత్రం తుడిచేసి మళ్లీ వేసుకున్నాను. ఇప్పటికి క్యూటికల్ దగ్గర సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు పెరిగింది.

ఒక్కటే అర్థం కావడం లేదు. రెండు చేతుల్లోనూ బొటనవేలి జెల్ మాత్రమే ఒక పక్కన లేచింది. పద్ధతులు వేరు, జెల్లులు వేరు, తప్పు మాత్రం ఒకేచోట.

పాతబ్రష్
నాలుగు వేళ్లతో కలిపి ల్యాంప్‌లో పెట్టారా? అలా పెడితే బొటనవేలు పక్కకు ఒరిగి ఉంటుంది, ఒక పక్కకు వెలుగు సరిగ్గా తగలదు, అటువైపు పచ్చిగా మిగులుతుంది. ఈసారి నాలుగు వేళ్లూ అయ్యాక, బొటనవేళ్లు రెండూ విడిగా, గోరు నేరుగా పైకి చూసేలా పెట్టి క్యూర్ చేయండి. లేచినచోట పైనుంచి జెల్ పోసి కప్పకండి, లేచిన భాగం ఫైల్‌తో తీసేశాకే కొత్తది.

కొత్తచేయి
అవునక్కా, అన్నీ కలిపే పెట్టాను. ఇవాళే తీసేసి బొటనవేళ్లు విడిగా వేస్తాను.