దసరా సెలవుల్లో కర్నూలు నుంచి కడప దాకా కారులో: ఉగ్గాని, సంగటి, కారం దోసె చౌకగా ఎక్కడ తినాలి?

నాచారం_నాన్న:

అందరికీ నమస్తే. దసరా సెలవుల్లో మూడు రోజులు కర్నూలు, బేలం గుహలు, గండికోట, కడప చుట్టి రావాలనుకుంటున్నాం. ఆల్టో కారు. నేను, మా ఆవిడ, ఏడేళ్ల పాప, మా నాన్న.

పోయినేడాది ఇలాగే కోనసీమ వెళ్లాం. మూడు రోజులూ హైవే పక్కన ఏసీ హోటళ్లలో పనీర్ బటర్ మసాలా, వెజ్ బిర్యానీ తిని వచ్చాం. తిండికి ఆరు వేలు దాటింది, అంబాజీపేట మీదుగా వెళ్లి కూడా ఒక్క పొట్టిక్క (పనసాకుల బుట్టలో ఉడికించే ఇడ్లీ) తినలేదు. ఇంటికొచ్చాక నాన్న, "దీనికి అంత దూరం పోవడమెందుకురా, మన వీధి చివర ఇదే దొరుకుతుంది" అన్నాడు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది.

ఈసారి అలా కాకూడదు. ఉగ్గాని, రాగి సంగటి, కారం దోసె అని పేర్లయితే తెలుసు, ఎక్కడ ఆగాలో తెలీదు. వీడియోల్లో చూపించే హోటళ్ల ముందు గంట క్యూ అంటున్నారు. నాన్నకు షుగర్. పాప కారం తినదు. మనిషికి రోజుకు 250 దాటకుండా కుదురుతుందా?

బిర్యానీ_బాధితుడు:

పాప కారం తినదు, వెళ్లేదేమో కడప. మీ ధైర్యానికి దండం. కారులో పెరుగన్నం డబ్బా పెట్టుకోండి.

డోన్_మారుతి800:

అన్నా, మాది డోన్. విత్తనాల కంపెనీలో సేల్స్ పని మీద పదకొండేళ్లు కర్నూలు, కడప, అనంతపురం జిల్లాలు తిరిగా. 2022లో విడగొట్టాక ఇప్పుడవి ఇంకా ఎక్కువయ్యాయి లెండి. మొదట బండి మీద, తర్వాత సెకండ్ హ్యాండ్ మారుతి 800లో. కంపెనీ ఇచ్చే తిండి డబ్బుల్లో మిగిల్చుకుంటేనే నెలాఖరు గడిచేది. కాబట్టి చౌక తిండి విషయంలో నా మాట నమ్మొచ్చు.

హోటల్ పేర్లు మాత్రం అడగొద్దు. నేను రాసి, మీరు వెళ్లేసరికి అది మూతపడైనా ఉంటుంది, వీడియోలకెక్కి చెడిపోయైనా ఉంటుంది. మా వైపు తిండి దొరకాలంటే గడియారం చూసుకోవాలి. పొద్దున తొమ్మిదిన్నర లోపు ఉగ్గాని, అంటే బొరుగుల (మీ మరమరాల) టిఫిన్. పన్నెండు నుంచి రెండు దాకా సంగటి. సాయంత్రం ఐదు దాటాక బజ్జీలు, బొరుగుల మసాలా. ఈ టైములు తప్పాయంటే మళ్లీ మీ పనీర్ బటర్ మసాలానే గతి.

అందుకని తెల్లారుజామున నాలుగున్నరకే ఇల్లు వదలండి. హైదరాబాద్ నుంచి కర్నూలు 215 కిలోమీటర్ల దాకా ఉంటుంది. దగ్గరపడ్డాక బైపాస్ మీద దూసుకుపోకుండా ఊళ్లోకి తిరగండి. కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల సందుల్లో చిన్న చిన్న టిఫిన్ బండ్లుంటాయి. బోర్డు చూడొద్దు. పొయ్యి పక్కన బొరుగుల బస్తా నిలబెట్టి ఉందా, ఆటోవాళ్లు నిలబడి తింటున్నారా, ఈ రెండూ చూడండి చాలు.

మా డోన్‌లో స్టేషన్ రోడ్డు మీద ఒక పెద్దావిడ బండి ఉండేది. బొరుగుల్ని బకెట్ నీళ్లలో ముంచీ ముంచకుండానే తీసి, రెండు చేతుల మధ్య బంతిలా పిండి పక్కన పడేసేది. బాణలిలో నూనె, ఆవాలు, కరివేపాకు, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, పసుపు. అందులో బొరుగులు పడ్డాక ఒక్క నిమిషమే. దించే ముందు గుప్పెడు పప్పుల పొడి చల్లేది, పుట్నాల పప్పు, ఎండుకొబ్బరి, వెల్లుల్లి కలిపి దంచింది. ఆ పొడి తడిని పీల్చుకుని ఒక్కో బొరుగుకూ పట్టుకుంటుంది. పొడి వేయకపోతే అది ఉగ్గాని కాదు, తడిసిన బొరుగులంతే. నేను ఉద్యోగంలో చేరినప్పుడు బజ్జీలతో కలిపి ప్లేటు పది రూపాయలు. మొన్న కర్నూలులో నలభై తీసుకున్నారు.

పాపకు భయం లేదు. ఉగ్గానిలో పచ్చిమిర్చి నిలువునా చీరి వేస్తారు, కంటికి కనబడతాయి, ఏరేయొచ్చు. బజ్జీ మాత్రం ఇవ్వొద్దు. కొన్ని మిరపకాయలు సాధువుల్లా ఉండి, నాలుగో కాయ మాత్రం ప్రాణం తీస్తుంది.

అక్కడి నుంచి నంద్యాల, బనగానపల్లె. దసరా రోజులు కాబట్టి రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు పెట్టుకుని కూర్చుంటారు. కళ్లు విచ్చుకున్నవి రెండు, గట్టివి నాలుగు తీసుకోండి, గట్టివి డిక్కీలో రెండు రోజుల్లో పండుతాయి. ఉడకబెట్టిన పచ్చి చెనక్కాయలు (పల్లీలు) కనిపిస్తే వదలొద్దు, ఆ రుచి ఆ నెలా రెండు నెలలే.

బనగానపల్లెలో పన్నెండు దాటగానే సంగటి. మెస్‌లలో మాంసంతో తింటే బిల్లు పెరుగుతుంది, మీకు పప్పు, ఊరిబిండి చాలు. ఊరిబిండి అంటే చెనక్కాయలు, ఎండుమిర్చి, చింతపండు కలిపి రోట్లో కచ్చాపచ్చాగా నూరిన పచ్చడి. సంగటిని నమలకూడదు. వేలెడంత ముక్క తుంచి, గుంట చేసి, పులుసులోనో పప్పులోనో ముంచి మింగేయాలి. నమిలారంటే పళ్లకు అంటుకుని, ఇదేం తిండిరా అనిపిస్తుంది.

మీ నాన్నగారి సంగతి. రాగి అనగానే షుగర్ ఉన్నవాళ్లు రెండు ముద్దలు లాగించేస్తారు. మా నాయన కూడా అంతే. కానీ మెస్ సంగటిలో రాగిపిండి ఒక్కటే కాదు, బియ్యం కూడా బాగానే పడుతుంది, ముద్ద కట్టాలంటే బియ్యం మెత్తగా ఉడికించి పిండి కలుపుతారు. ఒక్క ముద్ద చాలని చెప్పండి. పైగా తర్వాత బేలం గుహలు. లోపల ఒకటిన్నర కిలోమీటర్ల దాకా నడక, ఒకటే ఉక్క. రెండు ముద్దలు తిన్నోడు గుహ మధ్యలో కూర్చుంటాడు.

ఇంకొకటి, వాన పడితే తారు రోడ్డు దిగొద్దు. కోవెలకుంట్ల చుట్టూ అంతా నల్లరేగడి. ఒకసారి అడ్డదారిలో పోతే పావుగంట ముందుందని పొలం దారి పట్టా. మారుతి చక్రాలకు మట్టి పట్టి లడ్డూల్లా అయిపోయి, బండి అడుగు కదల్లేదు. ట్రాక్టర్‌తో లాగినాయన మూడొందలు గట్టిగా బేరమాడి మరీ తీసుకున్నాడు. తీసుకుని, "ఇంతసేపు ఎండలో ఉన్నావు, రా" అని ఇంటికి తీసుకెళ్లి రెండు జొన్నరొట్టెలు, గోరుచిక్కుడు కూర పెట్టించాడు. రొట్టెలకు డబ్బులిస్తానంటే మాత్రం కోపమొచ్చింది ఆయనకు.

కడప గురించి నేను చెప్పను, ఆ ఊరోళ్లు ఊరుకోరు.

ఎర్రకారం_కడప:

ఊరుకోం మరి. అన్న ఉగ్గానికి అంత రాసి కారం దోసె మాకు వదిలేశాడు, థాంక్స్.

నాచారం గారూ, ముందు ఒక అపోహ. కారం దోసె అంటే మసాలా దోసె మీద మిరప్పొడి చల్లింది కాదు. ఎండుమిర్చి నానబెట్టి, ఉల్లిగడ్డ, వెల్లుల్లి, ఉప్పుతో మెత్తగా రుబ్బితే ఎర్రకారం. మా అమ్మ ఇప్పటికీ మిక్సీలో వేయదు, ఉల్లిగడ్డ చేదెక్కుతుందంటుంది. దోసె పెనం మీద ఉండగానే ఈ ముద్దను గరిటెతో పల్చగా పూస్తారు. పచ్చి ఉల్లి వాసన పోయే దాకా దోసె కాలాలి. తొందరపడి తీసినవాడి దోసె తింటే సాయంత్రం దాకా నోట్లో అదే వాసన. తర్వాత పప్పుల పొడి, కొంచెం ఉర్లగడ్డ (ఆలుగడ్డ) కూర, నెయ్యి. పక్కన బొంబాయి చట్నీ, అంటే శనగపిండితో చేసేది.

పాపకు "కారం తక్కువ వేయండి" అని చెప్పొద్దు. కడపలో తక్కువ అంటే వాళ్ల లెక్క వేరు. "కారం వద్దు, పప్పుల పొడి, నెయ్యి" అని చెప్పండి. మా అక్క పిల్లలు అమెరికా నుంచి వస్తే తినేది అదే. పొడి దోసె అని వాళ్లే పేరు పెట్టుకున్నారు.

చిన్న బండి దగ్గర యాభై, అరవైలో అయిపోతుంది. ఈమధ్య కొన్నిచోట్ల కారం దోసె మీద చీజ్ తురిమి 140 తీసుకుంటున్నారు. అలాంటి చోట కనీసం మంచినీళ్లు కూడా తాగకుండా వచ్చేయండి.

మధ్యాహ్నం ఎండగా ఉంటే నన్నారి సోడా తాగండి. నన్నారి అంటే సుగంధి వేరు, అడవి నుంచి తెచ్చి పాకం కాస్తారు. నిమ్మకాయ ఎక్కువ పిండమనండి, లేకపోతే మరీ తీపి. మీ నాన్నగారికి వద్దు.

ఊరిబిండి గురించి మాత్రం అన్నతో ఒప్పుకోను. దాంట్లో వేయించిన టమాటా పడాల్సిందే.

డోన్_మారుతి800:

టమాటా వేస్తే అది టమాటా పచ్చడమ్మా.

అనంత_బెంగళూరు:

ఇద్దరూ అనంతపురాన్ని వదిలేశారు. రోడ్డు పక్కన పెనం మీద కాల్చి నెయ్యి రాసి ఇచ్చే ఓళిగలు (మీ బొబ్బట్లు) తినకుండా సీమ తిండి చూశామంటే ఎలా? తాడిపత్రి దాకా ఎటూ దగ్గరే కదా, అక్కడి నుంచి అటు తిరగండి.

డోన్_మారుతి800:

తమ్ముడూ, మూడు రోజులు, ఆల్టో, షుగర్ ఉన్న పెద్దాయన. అనంతపురం కలిపితే తినడం పోయి నడపడమే మిగులుతుంది. దానికి ఇంకోసారి రమ్మను.

నాచారం_నాన్న:

వెళ్లొచ్చాం. చెప్పాలని వచ్చా.

ముందు నా తప్పు ఒప్పుకుంటా. నాలుగున్నరకు బయల్దేరమన్నారు, ఇల్లు తాళం వేసేసరికి ఆరు. పాప బొమ్మ కనబడలేదు, దానికోసం అరగంట. కర్నూలులో దిగేసరికి పది కావస్తోంది. మూడు బండ్ల దగ్గర అడిగితే మూడు చోట్లా ఒకటే మాట: "ఉగ్గాని అయిపాయ." చివరి బండి దగ్గర ఒకామె బాణలి కడుగుతోంది. మా నాన్న మొహం చూసి నాలుగు బజ్జీలు కాగితంలో చుట్టిచ్చి, "రేపు తొందరగా రా నాయనా" అంది. మేం రేపు ఉండం అని చెప్పలేకపోయాం.

బనగానపల్లెలో సంగటి దొరికింది. మింగాలని నేను చెప్పకముందే నాన్న చకచకా మింగేస్తున్నాడు. చిన్నప్పుడు వాళ్ల మేనత్త ఊళ్లో తిన్నాడట, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఒక్క ముద్దకే ఆపించా, అలిగాడు. బేలంలో సగం దాకా వచ్చి కూర్చున్నాడు. అది ముద్ద వల్ల కాదు, మోకాళ్ల వల్ల.

రాత్రి జమ్మలమడుగులో లాడ్జి. ఈసారి పొద్దున ఆరున్నరకే లేపి అందర్నీ రోడ్డు మీదికి తెచ్చా. దొరికింది, ఉగ్గాని! పాప మిరపకాయలు ఏరి ప్లేటు అంచున వరసగా పేర్చి, లెక్కపెట్టి, మిగిలిందంతా తినేసింది. తొమ్మిది మిరపకాయలు. గండికోటలో పెన్నా లోయ చూస్తూ కూడా అదే లెక్క చెబుతోంది.

కడపలో "కారం వద్దు, పొడి, నెయ్యి" అన్న ఫార్ములా పనిచేసింది. నేను మాత్రం అసలుది తిన్నా. రెండో ముక్కకే కళ్లలో నీళ్లు, మూడోదానికి అలవాటైంది, ఇంకోటి చెప్పా. దానిమీద నన్నారి సోడా.

నలుగురికి మూడు రోజుల తిండి 2,640 అయ్యింది. అందులో 380 తిరుగు దారిలో రాత్రి ఏం దొరక్క హైవే హోటల్లో తిన్న ఫ్రైడ్ రైస్‌కి. ఎవరినీ అనుకోవడానికి లేదు, టైము తప్పింది.

ఒక్క సందేహం. ఆళ్లగడ్డలో కిలో బొరుగులు కొనుక్కొచ్చాం. నిన్న మా ఆవిడ ఉగ్గాని చేస్తే పేస్టులా అయ్యింది. పొడి కూడా వేసింది. ఎక్కడ పొరపాటు?

డోన్_మారుతి800:

ఎంతసేపు నానబెట్టారు?

నాచారం_నాన్న:

పది నిమిషాలు. అటుకుల్లాగే అనుకుంది.

డోన్_మారుతి800:

అయ్యో! పది అంకెలు లెక్కపెట్టే లోపే తీసేయాలి అన్నా. బొరుగు పైన మెత్తబడి, లోపల ఇంకా కొంచెం గట్టిగా ఉండగానే పిండేయాలి, మిగతాది బాణలిలో ఆవిరికి అవుతుంది. ఒకేసారి కిలో ముంచొద్దు, రెండు గుప్పిళ్లు ముంచు, పిండు, పక్కన పెట్టు, మళ్లీ రెండు. ఆ పేస్టు పారేయకండి. బియ్యప్పిండి, జీలకర్ర, ఉల్లిగడ్డ కలిపి పెనం మీద రొట్టెలా తట్టండి. మా ఇంట్లో అలాంటి రోజులు బోలెడు.

ఎర్రకారం_కడప:

దాని మీదకి ఊరిబిండి. టమాటా వేసింది.