ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం) మీటింగ్ ఒకటి చూశా, నాకు పడలేదు. సరైన గ్రూపుని ఎలా వెతుక్కోవాలి?

కొత్తగా_వచ్చా:
వయసు 38, ఉద్యోగం హైదరాబాద్‌లో, సొంతూరు తెనాలి పక్కన. తాగుడు గురించి పెద్ద కథ చెప్పను, ఆఫీసు అయ్యాక ఒక క్వార్టర్‌తో మొదలై ఎక్కడిదాకా పోతుందో ఇక్కడ చాలామందికి తెలుసు. సైకియాట్రిస్ట్ దగ్గర మందులు వాడుతున్నా, ప్రస్తుతం తాగట్లేదు. ఆయనే ఏఏకి వెళ్లమన్నారు. ఇంటికి దగ్గరలో ఉందని ఒక గ్రూపుకి వెళ్తే అందరూ నాకంటే చాలా పెద్దవాళ్లు, మాటలన్నీ ఇంగ్లీషులోనే, చివర్లో అందరూ లేచి ప్రార్థన చేశారు. మర్యాదగానే చూశారు, టీ కూడా ఇచ్చారు, కానీ తెలియనివాళ్ల పెళ్లికి వెళ్లి కూర్చున్నట్టు ఉంది నాకు. నా వంతు వస్తే ‘వింటానండి’ అనేసి ఊరుకున్నా. తెలుగులో జరిగేవి ఉంటాయా? మా ఆవిడ కూడా వస్తానంటోంది, రానిస్తారా? ఇంకోటి, మీటింగ్ చర్చి ఆవరణలో జరుగుతుందని తెలిసి ‘మతం మారుస్తార్రా’ అని మా అమ్మ ఒకటే గోల. తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తారేమోనన్న టెన్షన్ ఎలాగూ ఉంది.

పాత_కాపు:
ఒక గ్రూపు చూసి ఏఏ అంతా ఇంతే అనుకోకండి. ఏ గ్రూపుకి ఆ గ్రూపు సొంతంగా నడుపుకుంటుంది, పైనుంచి ఆర్డర్లు వేసే బాస్ ఎవరూ ఉండరు, అందుకే ఒకచోట రిటైరైన వాళ్లు, ఇంకోచోట ఆటో డ్రైవర్లు, మరోచోట సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు కనిపిస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సింది భాష. మన సిగ్గు సంగతులు ఇంగ్లీషులో చెప్పాలంటే సగం నోట్లోనే ఆగిపోతాయి. హైదరాబాద్‌లో తెలుగు, హిందీ, ఇంగ్లీషు మీటింగులు వేర్వేరుగా ఉంటాయి. ఏఏ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ‘తెలుగు గ్రూపు కావాలి’ అని అడగండి చాలు.

ఓపెన్ మీటింగ్‌కి ఎవరైనా రావచ్చు, మీ ఆవిడని అక్కడికి తీసుకెళ్లండి. క్లోజ్డ్ మీటింగ్ మాత్రం తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. తెలిసినవాళ్లు కనబడతారన్న భయం ఉంటే క్లోజ్డ్‌కి వెళ్లండి, అక్కడ కనబడ్డ మనిషి కూడా మీరొచ్చిన పనిమీదే వచ్చుంటాడు కదా. ఇంటిపేరు, ఊరు, ఉద్యోగం ఎవరూ అడగరు.

అమ్మగారికి చెప్పండి, చర్చివాళ్లు గది ఇస్తారు, అంతవరకే. ఏఏ 1935లో అమెరికాలోని యాక్రన్‌లో ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్ కలిసి మొదలుపెట్టింది, ఏ మతానికీ చెందదు. తాగుడు నుంచి బయటపడటానికి ఏఏ చెప్పే పన్నెండు స్టెప్పుల్లో దేవుడి మాట వస్తుంది, నిజమే, కానీ ‘మేము అర్థం చేసుకున్న దేవుడు’ అని రాసుంటుంది. వెంకన్నని తలుచుకోండి, ఎవర్నీ తలుచుకోకుండా నిలబడండి, పట్టించుకోరు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటుంటే మెంబరే, ఫీజు లేదు. డబ్బాలో వేసేది ఇష్టమైతేనే.

మీటింగ్ అయ్యాక వెంటనే బయటికి నడవకండి. అసలు మాటలు ఆ తర్వాతే నడుస్తాయి. కొత్తవాడి దగ్గరికి వచ్చి ఫోన్ నంబరిచ్చే మనుషులున్న గ్రూపైతే మళ్లీ వెళ్లండి. ఎవరైనా ‘ఆ డాక్టర్ మాత్రలు ఆపెయ్’ అంటే మాత్రం వినొద్దు. మెంబర్లు డాక్టర్ వేషం వేయకూడదని ఏఏ సొంత పుస్తకాల్లోనే ఉంది.

ఇంటావిడ:
తమ్ముడూ, మీ ఆవిడకి అల్-అనాన్ గురించి చెప్పు. తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం వేరే మీటింగులు అవి, ఏఏ మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకాయన భార్యే 1951లో మరొకావిడతో కలిసి దాన్ని పెట్టింది. నేను మా ఆయన్ని మాన్పించే ఉపాయం దొరుకుతుందేమోనని వెళ్లా. ఆయన సంగతి కాదు, నీ సంగతి చెప్పమ్మా అన్నారు. మొదట ఒళ్లు మండింది, తర్వాత ఏడుపొచ్చింది. ఆయన ఇంకా తాగుతున్నాడు, నేను ఇంకా వెళ్తున్నాను. ఇది చదివే ఆడవాళ్లకి ఒక మాట: తెలియకుండా కూరలో కలిపే పొడులు కొనకండి. కొన్నిట్లో తాగుడు మాన్పించడానికి డాక్టర్లు వాడే డైసల్ఫిరామ్ అనే మాత్ర పొడి ఉంటుంది, దానిమీద సారా పడితే బీపీ పడిపోయి ప్రాణంమీదికి రావచ్చు.

డాలస్_నైట్‌షిఫ్ట్:
నాకు ఏఏ పడలేదు, స్టెప్పుల భాషే పడలేదు. అలాంటివాళ్లకి స్మార్ట్ రికవరీ అని వేరే సంస్థ ఉంది, వాళ్ల మీటింగులు ఆన్‌లైన్‌లో జరుగుతాయి, దేవుడి ఊసుండదు, తాగాలనిపించినప్పుడు ఆ ఆలోచనని ఎలా దాటాలో కాగితం మీద రాయిస్తారు. నాకు తెలిసినవి ఇంగ్లీషులోనే ఉన్నాయి కాబట్టి మీ తెలుగు కష్టం అక్కడా తప్పదు.

పాత_కాపు:
ఆన్‌లైన్ తప్పని కాదు, కానీ సాయంత్రం ఆరింటికి వైన్‌షాపు ముందు కాళ్లు ఆగిపోతే బండేసుకుని వచ్చే మనిషి ఊళ్లో ఒకడుండాలి.

డాలస్_నైట్‌షిఫ్ట్:
నిజమే. అయినా ఊళ్లో గ్రూపే లేనివాళ్ల సంగతేంటి?

వార్డు_సిస్టర్:
ఈయన డాక్టర్ దగ్గరికి వెళ్లి ఆపారు, మంచిది. మిగతావాళ్లకి చెప్తున్నా, రోజూ బాగా తాగేవాళ్లు మీటింగ్ విన్న ఊపులో ఒక్కసారిగా ఆపేయకండి. చేతులు వణకడం, చెమటలు, రెండు మూడు రోజుల్లో ఫిట్స్, లేనివి కనిపించడం, ఇవన్నీ వార్డులో చూస్తూనే ఉంటాం. ముందు ఆసుపత్రి. ఊళ్లో ఏమీ లేకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిదే, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మత్తు అలవాట్లకి ప్రత్యేకంగా 14446 ఉంది.

కొత్తగా_వచ్చా:
థాంక్యూ అందరికీ. ఫోన్ చేశా, తెలుగు గ్రూపు ఒకటి చెప్పారు, ఈ ఆదివారం ఓపెన్ మీటింగట, మా ఆవిడతో వెళ్తున్నా. నా వంతు వస్తే మాట్లాడాల్సిందేనా?

పాత_కాపు:
అక్కర్లేదు. పేరు చెప్పి ‘ఈరోజు వింటాను’ అనండి, ఎన్నిసార్లన్నా ఏమీ అనుకోరు. ఒక పావుగంట ముందే వెళ్లండి, కుర్చీలు వేసేవాళ్లతో నాలుగు మాటలు కలుస్తాయి.