ఆండ్రాయిడ్ హాట్‌స్పాట్ టీవీలో కనిపించట్లేదు, ఐఫోన్‌తో కలిసినా నెట్ రావట్లేదు

మీటనొక్కు:
32 అంగుళాల స్మార్ట్ టీవీ. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు, ఫోన్ డేటాతోనే నడపాలి. రెండు ఫోన్లతో ప్రయత్నిస్తే రెండు రకాల తిప్పలు.

ఒకటి: 5జీ ఆండ్రాయిడ్ ఫోన్. హాట్‌స్పాట్ ఆన్ చేస్తే ల్యాప్‌టాప్‌కి వెంటనే దొరుకుతుంది. టీవీ లిస్టులో మాత్రం ఆ పేరే రాదు. పక్కవాళ్ల వైఫైలు నాలుగైదు కనిపిస్తున్నాయి కాబట్టి టీవీ వైఫై పాడవలేదనే అనుకుంటున్నాను.

రెండు: ఐఫోన్. పేరు ఒకసారి వస్తుంది, ఇంకోసారి రాదు. వచ్చినప్పుడు పాస్‌వర్డ్ కొడితే "కనెక్టెడ్, నో ఇంటర్నెట్" అంటుంది.

ఈ టీవీని ఇంతకుముందు వేరే చోట రౌటర్‌కి కలిపి వాడారు. ఏడాదిగా ప్లగ్ తీసేసి ఉంది. పనిలో పనిగా ఇంకో రెండు సందేహాలు: యూఎస్‌బీ కేబుల్‌తో ఫోన్‌ని టీవీకి కలిపితే నెట్ వస్తుందా? రోజుకి రెండు గంటలు చూస్తే డేటా ఎంత అవుతుంది?

తరంగం24:
మీ మొదటి సమస్య బ్యాండ్‌ది, అంటే వైఫై ఏ తరంగాల మీద నడుస్తుందన్నది. ఈ సైజు టీవీల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే ఉంటుంది. కొత్త ఫోన్లేమో హాట్‌స్పాట్‌ని తరచూ 5 గిగాహెర్ట్జ్‌లో పెడతాయి. ల్యాప్‌టాప్‌కి రెండూ వినిపిస్తాయి కాబట్టి దానికి దొరికింది. టీవీకి ఆ తరంగాలు వినే చెవే లేదు, ఎన్నిసార్లు స్కాన్ చేసినా పేరు రాదు. టీవీ స్పెసిఫికేషన్లలో వైఫై దగ్గర 802.11 బీ/జీ/ఎన్ అని మాత్రమే ఉంటే దాదాపుగా 2.4 ఒక్కటే అనుకోండి. వాటితోపాటు "ఏ" (a) అనే అక్షరం గానీ "ఏసీ" (ac) గానీ కనిపిస్తే 5 కూడా ఉన్నట్టు.

ఆండ్రాయిడ్‌లో: సెట్టింగ్స్, హాట్‌స్పాట్ అండ్ టెథరింగ్, వైఫై హాట్‌స్పాట్. అక్కడ కొన్ని ఫోన్లలో "బ్యాండ్" అని, కొన్నింటిలో "ఏపీ బ్యాండ్" అని, ఇంకొన్నింటిలో "ఎక్స్‌టెండ్ కంపాటిబిలిటీ" అనే స్విచ్‌లా ఉంటుంది. మొదటి రెండూ అయితే 2.4 ఎంచుకోండి, స్విచ్ అయితే ఆన్ చేయండి. తర్వాత హాట్‌స్పాట్ ఒకసారి ఆపి మళ్లీ పెట్టండి.

అదే పేజీలో ఇంకో రెండు చూడాలి. సెక్యూరిటీ "డబ్ల్యూపీఏ3" అని ఉంటే "డబ్ల్యూపీఏ2 పర్సనల్"కి మార్చండి. పాత టీవీలకు 3 అర్థం కాదు. పేరు కనిపించినా పాస్‌వర్డ్ తప్పు అంటుంది, మీరు సరిగ్గా కొట్టినా సరే. రెండోది, "హిడెన్ నెట్‌వర్క్" ఆఫ్‌లో ఉండాలి.

పాస్‌వర్డ్ కనీసం 8 అక్షరాలు కావాలి కాబట్టి 8 నుంచి 10 మధ్య, అన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాలు, చివర రెండు అంకెలు పెట్టుకోండి. రిమోట్ బాణాలతో పెద్దక్షరాలు, గుర్తులు వెతుక్కుంటూ కొట్టడం అంత విసుగు మరొకటి ఉండదు. మరీ సులువుగా ఊహించేలా మాత్రం వద్దు, పక్కవాళ్లు మీ డేటా తాగేస్తారు.

ఐఫోన్ పేరు వస్తూ పోతూ ఉండటానికి కారణం వేరే. ఎవరూ కలవకపోతే అది కాసేపటికే హాట్‌స్పాట్ ప్రసారాన్ని ఆపేస్తుంది. టీవీ స్కాన్ చేసేసరికి ఫోన్ నిద్రపోయి ఉంటుంది. సెట్టింగ్స్‌లో "పర్సనల్ హాట్‌స్పాట్" పేజీ తెరిచి, టీవీ కలిసేదాకా ఆ పేజీ మీదే ఉంచండి. ఫోన్ లాక్ చేయొద్దు. ఐఫోన్ 12 నుంచి పైవాటిలో అక్కడే "మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ" ఉంటుంది, అది ఆన్ చేస్తే 2.4కి దిగుతుంది.

పేరు సంగతి కూడా. ఐఫోన్ హాట్‌స్పాట్ పేరు అంటే ఫోన్ పేరే. అందులో ఇంగ్లీషు ఎస్ ముందు వచ్చే వంపు కామా, ఎమోజీ లాంటివి ఉంటే కొన్ని టీవీలు తికమకపడతాయి. సెట్టింగ్స్, జనరల్, అబౌట్, నేమ్‌లోకి వెళ్లి ఖాళీలు కూడా లేకుండా సాదా పేరు పెట్టండి.

గేట్‌వే_కాపలా:
పై సమాధానంతో పేరు కనిపిస్తుంది. "కనెక్టెడ్, నో ఇంటర్నెట్" వేరే జబ్బు, దానికి బ్యాండ్ మార్చి లాభం లేదు. టీవీ, ఫోన్ చేతులు కలిపాయి, మాట కలవలేదు. మీ ప్రశ్నలోనే రెండు ఆనవాళ్లు ఉన్నాయి: "వేరే చోట రౌటర్‌కి కలిపి వాడారు", "ఏడాదిగా ప్లగ్ తీసేసి ఉంది".

మొదటిదాన్నిబట్టి ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో టీవీకి ఉండే అంకెల చిరునామా) అనుమానం. ఎవరో టీవీలో చేత్తో స్థిర ఐపీ పెట్టి ఉండొచ్చు. టీవీలో నెట్‌వర్క్ సెట్టింగ్స్, నెట్‌వర్క్ స్టేటస్, ఐపీ సెట్టింగ్స్ తెరవండి. మోడల్‌ని బట్టి పేర్లు కాస్త అటూఇటూ ఉంటాయి. అక్కడ కనిపించే అంకెలు చదివితే సగం రోగం తెలిసిపోతుంది:

172.20.10 తో మొదలై, చివరి అంకె 2 నుంచి 14 లోపు ఉంటే ఐఫోనే ఇచ్చిన అడ్రస్. గేట్‌వే (నెట్‌కి దారి, ఇక్కడ ఐఫోనే) 172.20.10.1, సబ్‌నెట్ మాస్క్ (ఆ అడ్రస్‌ల వరస ఎంతో చెప్పే అంకె) 255.255.255.240. ఇది సరైన స్థితి.

192.168.1 లేదా 192.168.0 తో ఉంటే పాత రౌటర్ కాలం నాటి స్థిర అడ్రస్ అయ్యే అవకాశం ఎక్కువ. ఐఫోన్ ఆ వరసలో లేదు కాబట్టి టీవీ పంపేదేదీ దానికి చేరదు. "ఐపీ సెట్టింగ్" మాన్యువల్ నుంచి ఆటోమేటిక్‌కి మార్చండి. కొన్ని టీవీల్లో ఈ ఆటోమేటిక్‌నే డీహెచ్‌సీపీ అంటారు.

169.254 తో ఉంటే ఫోన్ అసలు అడ్రస్ ఇవ్వలేదు, టీవీయే సొంతంగా ఒకటి తగిలించుకుంది. టీవీలో ఆ నెట్‌వర్క్‌ని "ఫర్గెట్" చేసి, ఫోన్ రీస్టార్ట్ చేసి మళ్లీ కలపండి.

ఆటోమేటిక్‌కి మార్చకుండా ఐఫోన్ వరసలోని అడ్రస్సే చేత్తో కొడదామని కొందరు చూస్తారు. వద్దు. ఈ వరస ఐఫోన్‌ది. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో 192.168.43 ఉండేది, కొత్తవాటిలో అది కూడా మారుతూ ఉంటుంది. ఫోన్ మార్చగానే మళ్లీ మొదటికొస్తారు.

ఇక రెండో ఆనవాలు, తేదీ. ఏడాది ప్లగ్ లేని టీవీ గడియారం వెనక్కి పోయి ఉండొచ్చు. యూట్యూబ్ లాంటివి తెరిచేటప్పుడు టీవీ ఆ సర్వర్ అసలైనదేనని చెప్పే సర్టిఫికెట్ చూస్తుంది. అందులో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో రాసి ఉంటుంది. టీవీ క్యాలెండర్ ఐదేళ్లు వెనక ఉంటే దానికి అది ఇంకా మొదలే కాని సర్టిఫికెట్, కాబట్టి తలుపు తీయదు. మీకు మాత్రం నెట్ లేదన్నట్టే కనిపిస్తుంది. తేదీ, సమయం, టైమ్ జోన్ మూడూ చూడండి. ఆటోమేటిక్ సమయం నెట్ నుంచే రావాలి, కాబట్టి అది మొండికేస్తే ఒకసారి చేత్తో సరిచేసి తర్వాత ఆటోకి వేయండి.

ఈ రెండూ సరిగ్గా ఉండి కూడా రాకపోతే అప్పుడు డీఎన్ఎస్, అంటే సైట్ పేరుకి ఐపీ అడ్రస్ వెతికిపెట్టే సర్వర్. మిగతావన్నీ ఆటోలో ఉంచి డీఎన్ఎస్ ఒక్కటే 8.8.8.8 లేదా 1.1.1.1 పెట్టండి. కొన్ని టీవీలు డీఎన్ఎస్ ఒక్కటే విడిగా మార్చనివ్వవు, అలాంటి వాటిలో ఈ దారి వదిలేయండి.

వీటన్నిటికన్నా ముందు ఒక రెండు నిమిషాల పరీక్ష: అదే ఐఫోన్ హాట్‌స్పాట్‌కి ల్యాప్‌టాప్ కలిపి ఏదైనా పేజీ తెరవండి. అక్కడా రాకపోతే టీవీ తప్పేమీ లేదు. ఫోన్‌లో మొబైల్ డేటా ఆఫ్ అయి ఉందేమో, లేదా మీ ప్లాన్‌లో హాట్‌స్పాట్ వాడకానికి అనుమతి లేదేమో చూసుకోవాలి.

మీటనొక్కు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఆండ్రాయిడ్‌లో బ్యాండ్ 2.4కి మార్చగానే టీవీలో పేరు వచ్చింది. ఐఫోన్‌కి ల్యాప్‌టాప్ కలిపితే నెట్ బాగానే ఉంది. టీవీలో చూస్తే ఐపీ 192.168.1.50, మాన్యువల్! ఆటోమేటిక్‌కి మార్చాక 172.20.10.3 వచ్చింది. అప్పటికీ యూట్యూబ్ తెరుచుకోలేదు. తేదీ చూస్తే 2018 జనవరి 1. చేత్తో సరిచేశాక వీడియో నడిచింది.

ఇప్పుడు ఆండ్రాయిడ్‌తోనే చూస్తున్నాను. 20, 30 నిమిషాలకోసారి తెగిపోతోంది. ఒక్కోసారి మళ్లీ అదే కలుస్తుంది, ఒక్కోసారి ఫోన్‌లో హాట్‌స్పాటే ఆఫ్ అయి ఉంటుంది.

చల్లనిబ్యాటరీ:
ఆ రెండూ వేర్వేరు సమస్యలు, విడదీసి చూడండి.

హాట్‌స్పాట్ దానంతట అదే ఆఫ్ అయితే: హాట్‌స్పాట్ పేజీలో "టర్న్ ఆఫ్ ఆటోమేటిక్‌గా" అన్న అర్థం వచ్చే స్విచ్ ఉంటుంది, కొన్నింట్లో 5 లేదా 10 నిమిషాలు అని సమయం ఉంటుంది. దాన్ని ఆపండి. మీరు టీవీని స్టాండ్‌బైలో పెట్టి లేచి వెళితే ఎవరూ కలిసి లేరని ఫోన్ ఆపేస్తుంది. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉన్నా ఇదే జరగొచ్చు. డేటా సేవర్ ఆన్ చేస్తే ఆండ్రాయిడ్ హాట్‌స్పాట్‌ని వాడనివ్వదు, అది కూడా ఆఫ్‌లో ఉండాలి. కొన్ని ఫోన్లలో హాట్‌స్పాట్‌కి డేటా పరిమితి పెట్టుకునే వీలుంటుంది, 1 జీబీ అని పెట్టి మరిచిపోయి ఉంటే సినిమా మధ్యలో ఆగడం ఖాయం.

హాట్‌స్పాట్ ఉండి నెట్ తెగితే: కాల్ వచ్చినప్పుడా, కాదా గమనించండి. ఫోన్ వోల్టీలో (4జీ మీదే కాల్స్ నడిపే పద్ధతి) లేకపోతే కాల్ కోసం 4జీ వదిలి కింది నెట్‌వర్క్‌కి దిగుతుంది, డేటా ఆగిపోతుంది లేదా పాకుతుంది. రెండు సిమ్‌లుంటే ఇంకో చిక్కు. డేటా ఒక సిమ్‌ది, కాల్ రెండో సిమ్‌కి వస్తే, మాట్లాడినంతసేపూ డేటా నిలిచిపోయే ఫోన్లు చాలా ఉన్నాయి. సిమ్ సెట్టింగ్స్‌లో "డేటా డ్యూరింగ్ కాల్స్" ఉంటే ఆన్ చేయండి, లేకపోతే కాల్స్, డేటా ఒకే సిమ్ మీద పెట్టుకోండి.

కాల్ ఏమీ లేకుండా తెగుతుంటే ఫోన్‌ని ముట్టుకుని చూడండి. ఛార్జింగ్‌లో పెట్టి, కవర్ తొడిగి, టీవీ వెనక ఇరికిస్తే హాట్‌స్పాట్ చేస్తున్న ఫోన్ వేడెక్కుతుంది. వేడెక్కితే వేగం తగ్గించుకుంటుంది, మరీ ఎక్కువైతే హాట్‌స్పాట్ ఆపేస్తుంది. కవర్ తీసి, చెక్క బల్ల మీదో స్టాండ్ మీదో, గాలి తగిలేలా ఉంచండి. టీవీ వెనక పెట్టొద్దనడానికి ఇంకో కారణం ఆ రేకు ప్యానెల్. అది సిగ్నల్‌కి అడ్డు.

ఫోన్ ఎక్కడ పెట్టాలన్నది ఇందులో పెద్ద విషయం. టవర్ నుంచి ఫోన్‌కి వచ్చే సిగ్నల్ ఒకటి, ఫోన్ నుంచి టీవీకి వెళ్లేది ఇంకొకటి. అందరూ రెండోదాని కోసం ఫోన్‌ని టీవీ పక్కన పెడతారు. సాధారణంగా బలహీనంగా ఉండేది మొదటిది. కిటికీ పక్కన పెట్టి, టీవీకి నాలుగైదు మీటర్ల దూరమైనా మధ్యలో గోడ లేకుండా చూసుకుంటే మెరుగు. 2.4 గిగాహెర్ట్జ్‌కి ఆ దూరం లెక్కలోది కాదు. అయితే మైక్రోవేవ్ ఓవెన్, బ్లూటూత్ కూడా ఆ బ్యాండ్‌లోనే పనిచేస్తాయి. ఓవెన్ తిరుగుతున్నప్పుడే వీడియో ఆగుతుంటే కారణం వెతుక్కోనక్కర్లేదు.

టీవీని స్టాండ్‌బై నుంచి లేపినప్పుడు మాత్రమే కలవకపోతే "క్విక్ స్టార్ట్" లాంటిది ఆఫ్ చేయండి. లేదా ప్లగ్ తీసి ఒక నిమిషం ఆగి పెట్టండి.

జీబీలెక్క:
డేటా సంగతి ఎవరూ ముట్టుకోలేదు. లెక్క సులువు: వేగాన్ని (ఎంబీపీఎస్, అంటే సెకనుకి మెగాబిట్లు) 8తో భాగిస్తే సెకనుకి మెగాబైట్లు, దాన్ని 3600తో గుణిస్తే గంటకి. 1080పీకి యూట్యూబ్ సూచించే వేగం 5 ఎంబీపీఎస్. అదే వేగంతో గంటంతా లాగితే 2.25 జీబీ. 720పీకి 2.5 ఎంబీపీఎస్, అంటే సుమారు 1.1 జీబీ. 480పీకి 1.1 ఎంబీపీఎస్, అర జీబీ. ఇవి పైహద్దు లెక్కలే అనుకోండి, కదలిక తక్కువున్న వీడియోకి ఇంతకన్నా తక్కువే అవుతుంది. నెట్‌ఫ్లిక్స్ అయితే గంటకి మామూలు నాణ్యతలో 1 జీబీ వరకు, హెచ్‌డీలో 3 జీబీ వరకు, 4కేలో 7 జీబీ వరకు అని చెబుతుంది.

మీ టీవీ 32 అంగుళాలది. చాలామటుకు ఈ సైజు తెరలు 1366 బై 768. అలాంటి తెర మీద 1080పీ పెట్టడం అంటే రెట్టింపు డేటా ఖర్చు చేసి, వచ్చిన చుక్కల్లో సగం పారేసుకోవడమే. 720పీ పెట్టండి, రెండు గంటలకి 2 జీబీ దాటినా కాస్తే దాటుతుంది. "ఆటో"లో వదిలితే సిగ్నల్ బాగున్నప్పుడల్లా పైకి ఎక్కేస్తుంది.

కనిపించకుండా తినేవి వేరే ఉన్నాయి: యాప్‌ల ఆటో అప్‌డేట్, టీవీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, హోమ్ స్క్రీన్ మీద వాటంతట అవే ఆడే ప్రివ్యూలు. ఏడాది తర్వాత వెలిగించిన టీవీ కాబట్టి అప్‌డేట్‌లన్నీ ఒకేసారి వరస కడతాయి. మూడూ ఆఫ్ చేసి, కావలసిన యాప్ ఒక్కటే చేత్తో అప్‌డేట్ చేసుకోండి. చూడటం అయ్యాక టీవీని కాదు, హాట్‌స్పాట్‌ని ఆపండి.

యూఎస్‌బీ కేబుల్: చాలా టీవీల్లో కుదరదు. టీవీ యూఎస్‌బీ పోర్టు పెన్‌డ్రైవ్ కోసం. టెథరింగ్ పెట్టిన (కేబుల్‌తో నెట్ ఇస్తున్న) ఫోన్ అవతలివైపు నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తుంది, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) టీవీలో ఉండాలి, సాధారణంగా ఉండదు. ఫోన్ ఛార్జ్ అవుతుంది, అదీ నెమ్మదిగా: యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంప్‌లే. హాట్‌స్పాట్ తాగేదానికి అది చాలకపోవచ్చు, గోడ ఛార్జరే వాడండి.

గేట్‌వే_కాపలా:
ఒక్కటి చేర్చాలి. ఫోన్ నుంచి టీవీకి క్యాస్ట్ చేద్దామనుకుంటే (ఫోన్‌లో ఎంచుకున్న వీడియోని టీవీ తెర మీద ఆడించాలనుకుంటే), హాట్‌స్పాట్ ఇస్తున్న ఫోన్‌లోనే క్యాస్ట్ గుర్తు రాకపోవడం మామూలే. అదే హాట్‌స్పాట్‌కి కలిపిన రెండో ఫోన్ నుంచి చేస్తే వస్తుంది. యూట్యూబ్ ఒక్కటే అయితే టీవీ యాప్ సెట్టింగ్స్‌లో "లింక్ విత్ టీవీ కోడ్" తెరిచి, ఆ అంకెలు ఫోన్ యాప్‌లో కొట్టండి. అది నెట్ ద్వారా కలుస్తుంది కాబట్టి హాట్‌స్పాట్ ఇచ్చే ఫోనైనా సరే.

మీటనొక్కు:
కాల్స్ వేరే సిమ్‌కి వస్తున్నాయి, తెగేది సరిగ్గా అప్పుడే. డేటా డ్యూరింగ్ కాల్స్ ఆన్ చేశాక రెండు కాల్స్ వచ్చినా వీడియో ఆగలేదు. ఫోన్ కిటికీ దగ్గరికి మార్చాను, నాణ్యత 720పీ. ఇక ఆటో అప్‌డేట్ ఆఫ్ చేసే మెనూ వెతుకుతున్నాను, ఈ టీవీలో ఎక్కడ దాచారో.

జీబీలెక్క:
ఆండ్రాయిడ్ టీవీ అయితే నెట్‌వర్క్ మెనూలో కాదు, ప్లే స్టోర్ లోపలే ఉంటుంది. స్టోర్ తెరిచి సెట్టింగ్స్‌లోకి వెళితే "ఆటో అప్‌డేట్ యాప్స్" కనిపిస్తుంది.