టూల్ అండ్ డై డిప్లొమా వాళ్లకు ఐఈఎల్టీఎస్ అవసరమా? కన్సల్టెన్సీ వాళ్లు తొందర పెడుతున్నారు

ప్రశ్న: హిందూపురం కుర్రాడు, ఇప్పుడు పీణ్యాలో

అన్నలకు, అక్కలకు నమస్తే. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినాను. ఇప్పుడు బెంగళూరులో టూల్ అండ్ డై, అంటే మిషన్లకి పనిముట్లు, అచ్చులు చేసే పని, డిప్లొమా ఆఖరి సంవత్సరం. క్యాంపస్‌కి వస్తున్న ఒక కంపెనీ ఇంగ్లీషులో బీ1 ఉండాలంటోంది. ఇంకోపక్క ఒక కన్సల్టెన్సీ వాళ్లు, కెనడా అయినా జర్మనీ అయినా ఐఈఎల్టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష, అందులోనూ పై చదువులకని పెట్టిన అకడమిక్ రకం రాయాల్సిందేనని చెప్పి అడ్వాన్సుగా 5 వేలు కట్టించుకున్నారు. మిగతాది ఈ వారంలో కట్టమంటున్నారు. లేత్ మీద చెయ్యి తిరిగింది గానీ ఇంగ్లీషులో మాట్లాడాలంటే నోరు తిరగదు. ఏం చేసేదన్నా?

జవాబు: టూల్‌రూమ్ సూపర్‌వైజర్, రాజాజీనగర్

తమ్ముడూ, ముందు ఆ మిగతా డబ్బు కట్టకు. స్కోరు అడిగిన వాళ్లనే అడుగు: ఏ పరీక్ష, ఎంత రావాలి, ఎప్పటిలోగా అని. జవాబు మెయిల్లో తెప్పించుకో, నోటిమాట నమ్మకు.

బీ1 అనేది పరీక్ష పేరు కాదు. ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2 అని యూరప్ వాళ్లు పెట్టిన ఆరు మెట్లలో మూడోది. వర్నియర్‌తో కొలిచినా మైక్రోమీటర్‌తో కొలిచినా మనం మిల్లీమీటర్లలోనే చెప్తాం కదా, ఇదీ అంతే. ఐఈఎల్టీఎస్‌లో 4 నుంచి 5 బ్యాండ్ స్కోరు వస్తే బీ1 కింద లెక్క. కేంబ్రిడ్జ్ వాళ్ల బిజినెస్ ప్రిలిమినరీ సరిగ్గా ఆ మెట్టుకే పెట్టిన పరీక్ష.

ఇక విదేశాల మాట. జర్మనీలో ఆస్‌బిల్డుంగ్‌కి, అంటే పని నేర్చుకుంటూ చేసే చదువుకి, మామూలుగా అడిగే బీ1 జర్మన్ భాషలో. దానికి ఇంగ్లీషు సర్టిఫికెట్ పట్టుకెళ్లి ఏం చేస్తావు? కెనడాలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పద్ధతి కింద పీఆర్‌కి, అంటే అక్కడే స్థిరపడే అనుమతికి, ఐఈఎల్టీఎస్ రాయాలంటే జనరల్ ట్రైనింగ్ అనే రకమే రాయాలి, అకడమిక్ చెల్లదు. పైగా ఫీజు 15 వేలు దాటింది, స్కోరు 2 ఏళ్లే పనికొస్తుంది. ఎప్పుడో వెళ్లేదానికి ఇప్పుడే రాస్తే వీసా నాటికి మళ్లీ రాయాల్సిందే.

జవాబు: ఇంగ్లీషు పంతులమ్మ, మాది రాజమండ్రి, కాపురం మారతహళ్లి

బాబూ, పై ఆయన చెప్పింది నిజమే. నోరు తిరగదన్నావు కదా, ఆ సంగతి నేను చెప్తాను.

నీలాంటి పిల్లలు పోగొట్టుకునే మార్కుల్లో సగం ఇంగ్లీషు రాక పోయినవి కావండీ, పరీక్ష తీరు తెలియక పోయినవే. ఐఈఎల్టీఎస్ లిజనింగ్‌లో 40 ప్రశ్నలు, ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. ఫోన్ నంబరు చెప్తూ 'డబుల్ సెవెన్' అంటారు, సున్నాని 'ఓ' అంటారు. 'థర్టీన్', 'థర్టీ' తేడా పట్టుకోవడం ఇంకా కష్టం. 'రెండు పదాలు మించకూడదు' అని ఉన్నచోట మూడు రాస్తే జవాబు సరైనదైనా సున్నాయే. స్పెల్లింగ్ తప్పినా అంతే. రీడింగ్‌లో 'ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్' అని ఒకటుంటుంది. అక్కడ నీ వర్క్‌షాప్ తెలివి పక్కన పెట్టెయ్యి. నీకు తెలిసిన నిజమే అయినా పేరాలో ఆ ఊసు లేకపోతే 'నాట్ గివెన్' అనే పెట్టాలి.

మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. మధ్యలో ఒక కార్డు ఇచ్చి, ఆలోచించుకోవడానికి ఒక నిమిషం ఇస్తారు. ఆ తర్వాత రెండు నిమిషాల దాకా నువ్వే మాట్లాడాలి. మన యాసకి మార్కులు తెగవు, మాట అర్థమైతే చాలు. నా దగ్గరికొచ్చిన ఒకబ్బాయి 'ఐ ఫినిష్ ఫోర్ జాబ్స్ ఎవ్రీ డే' అన్నాడు. మీ షాపులో జాబ్ అంటే మిషన్‌కి బిగించే ముక్క. బయటివాళ్లకి ఉద్యోగం! రోజుకి నాలుగు ఉద్యోగాలేంటా అని నేనే ఓ క్షణం తెల్లబోయాను. 'పార్ట్' అను, సరిపోతుంది. ఇంకోటి, 'ఐ యామ్ స్టేయింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్' అనకు. అది 'రెండేళ్ల నుంచి ఉంటున్నాను' అన్న మన తెలుగు వాక్యమే. 'ఐ హ్యావ్ బీన్ స్టేయింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్' అనాలి.

రోజూ షిఫ్ట్ అయ్యాక ఆ పూట చేసిన పని గురించి రెండు నిమిషాలు ఇంగ్లీషులో చెప్పి ఫోన్లో రికార్డ్ చేసుకో. మర్నాడు విను. మొదట్లో నీ గొంతు నీకే నచ్చదు, అయినా మానకు.

హిందూపురం కుర్రాడు

అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. కంపెనీ హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టినాను. వాళ్లది వెర్సంట్ అనే ఇంగ్లీషు టెస్టంట, లింకు వాళ్లే పంపుతారంట, నేను రూపాయి కట్టాల్సిన పని లేదంట! కన్సల్టెన్సీ వాళ్లు అడ్వాన్సు తిరిగి ఇచ్చేది లేదంటున్నారు, అది పోయినట్టే. ఇంకో డౌటు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంది, పాస్‌పోర్ట్‌లో వెనకుంది. ముందుముందు ఐఈఎల్టీఎస్ రాస్తే ఇబ్బందా?

టూల్‌రూమ్ సూపర్‌వైజర్

మెమో సంగతి వాళ్లకి పట్టదు. మనవాళ్లకి ఐఈఎల్టీఎస్‌లో గుర్తింపు కార్డు పాస్‌పోర్టే. అందులో ఏ గడిలో ఏముందో అక్షరం పొల్లుపోకుండా అదే ఫారంలో నింపు. ఇనిషియల్ పెట్టి వదిలెయ్యకు.

వెర్సంట్‌లో నీ మాట వినేది మనిషి కాదు, కంప్యూటర్. వాక్యం ఒకసారి వినిపించి అలాగే తిరిగి చెప్పమంటుంది. పీజీ హాస్టల్లో ఉంటున్నావా? పొద్దున మిక్సీ వేసే టైములో మాత్రం కూర్చోకు. నాకు తెలిసిన కుర్రాడి గొంతుతో పాటు కొబ్బరి చట్నీ కూడా రికార్డయింది. మైకున్న హెడ్‌ఫోన్ ఎవరిదగ్గరైనా అడిగి తెచ్చుకుని, ముందురోజే ఒకసారి మాట్లాడి చూసుకో.