మంచమా, చేతికర్రా?

చిన్న సందేహం. ఆదికాండం 47:31లో యాకోబు మంచం తలాపి మీద వంగి నమస్కరించాడు. హెబ్రీయులకు 11:21లోనేమో చేతికర్ర మీద ఆనుకున్నాడు. రెండూ మన తెలుగు బైబిల్లోనే ఉన్నాయి. అచ్చుతప్పా?

— అచ్చుతప్పు కాదండీ, అచ్చులు తెచ్చిన తంటా. పాత నిబంధన మూలభాష హీబ్రూ. పూర్వం అందులో దాదాపు హల్లులే రాసేవారు. ఇక్కడున్నవి మ, త, హ. 'మిత్తా' అంటే మంచం, 'మత్తె' అంటే కర్ర. పాత నిబంధనను గ్రీకులోకి మార్చినవాళ్లు కర్ర అనుకున్నారు, కొత్త నిబంధన ఆ గ్రీకునే అనుసరించింది. తర్వాత ఎప్పుడో హీబ్రూ ప్రతులకు అచ్చుల గుర్తులుగా చుక్కలు పెట్టిన యూదు పండితులు మంచం అన్నారు. గుణింతాలు తీసేసి 'కల' అని రాస్తే అది కాలో, కీలో, కూలో ఎలా తెలుస్తుంది?

ఈ చుక్కల మీద ప్రొటెస్టెంట్లు వందేళ్లకు పైగా వాదించుకున్నారు. చుక్కలు తాల్ముద్ (యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథం) తర్వాత పుట్టాయని 1538లో ఎలియా లెవిటా రాశాడు. ఆయన యూదుడు, క్రైస్తవ పండితులకు హీబ్రూ నేర్పినవాడు. దాంతో కాథలిక్కులకు మంచి పాయింటు దొరికింది: చదవడానికే సంప్రదాయం కావాల్సి వస్తే 'లేఖనం ఒక్కటే చాలు' అని ఎలా అంటారు? ఇక ప్రొటెస్టెంట్లకు టెన్షన్. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో హీబ్రూ ప్రొఫెసర్ యోహాన్ బుక్స్‌టోర్ఫ్ 1620లో 'తిబేరియాస్' రాసి, చుక్కలు ప్రాచీనమైనవేనన్నాడు. సోమ్యూర్‌లోని ఫ్రెంచి ప్రొటెస్టెంటు లూయీ కపెల్ కాదంటూ పుస్తకం రాశాడు. రాసి, ఆ రాతప్రతిని బుక్స్‌టోర్ఫ్‌కే పంపాడు! నాకు ఈ గొడవంతటిలో నచ్చిన ముచ్చట అదే. 1624లో అది లైడెన్‌లో రచయిత పేరు లేకుండా అచ్చయింది. దానికి పుస్తకంగా జవాబు ఇచ్చింది బుక్స్‌టోర్ఫ్ కొడుకు, అదీ 1648లో. 1675లో స్విస్ సంస్కరణ (ప్రొటెస్టెంటు) సంఘాల విశ్వాస ఒప్పుకోలు పత్రంలో చుక్కలు, పోనీ వాటి భావమైనా, దైవప్రేరితమని రాసుకున్నారు. పండితుల్లో మాత్రం చివరికి కపెల్ మాటే నిలిచింది.

— మరి దేవుడి పేరు 'యెహోవా'?

— అదీ ఈ బాపతే. య, హ, వ, హ అనే నాలుగు హల్లులకు 'అదోనాయ్', అంటే ప్రభువు, అనే మాటలోని అచ్చులు తగిలించారు. ఆ పేరు పలకకుండా అదోనాయ్ అని చదవమని గుర్తు. ఈ రెంటినీ కలిపి చదివితే వచ్చిందే యెహోవా. అలా చదవకూడదని ద్రూసియుస్ అనే ప్రొటెస్టెంటు పండితుడు 1604లోనే పుస్తకం రాశాడు. అయినా పాటల్లో నేనూ యెహోవా అనే పాడతాను, నోటికి అలవాటైపోయింది.