వైజాగ్‌లో ఒడ్డు నుంచి గాలం: జెల్లలు తప్ప ఏమీ పడటం లేదు, సాయం చేయండి

ప్రశ్న (సాగర్ నగర్ నుంచి):

అన్నలూ, రాడ్డు కొని మూడు నెలలైంది. పది అడుగులది, రీలు 5000 సైజు. ప్రతి ఆదివారం పొద్దున ఆరింటికల్లా జోడుగుళ్లపాలెం దగ్గరో, రుషికొండ దాటాకో నిలబడుతున్నాను. ఎర ఫ్రీజర్‌లో దాచిన రొయ్య. నా బలమంతా పెట్టి దూరం విసురుతున్నాను. పడితే చిన్న జెల్ల, లేదంటే ఖాళీ గాలం. రాళ్ల దగ్గర మొన్న ఒక్క పూటే లైనుకు బరువుగా కట్టే సీసం గుండ్లు ఆరు పోయాయి. పైగా జెల్లను తీస్తుంటే ముల్లు బొటనవేలికి గుచ్చుకుని రాత్రంతా నిద్ర లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు (భీమిలి నుంచి):

తమ్ముడూ, నీ సామాను బాగానే ఉంది. తేడా నువ్వు వెళ్లే వేళలో ఉంది. మన దగ్గర సముద్రం రోజుకు రెండుసార్లు ఎక్కుతుంది, అది పోటు. రెండుసార్లు దిగుతుంది, అది పాటు. పోటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. లెక్కేసి చూడు, ఈ ఆదివారం ఆరింటికి నిండు పోటు ఉంటే వచ్చే ఆదివారం అదే ఆరింటికి ఇంచుమించు పూర్తిగా పాటు. నువ్వు ఒకే సమయానికి వెళ్తున్నావు కానీ ఒకే నీళ్లలో వెయ్యడం లేదు. పోటు ఎక్కడం మొదలైన గంట తర్వాత నుంచి నిండేదాకా ఉండు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ పోటుపాట్ల వివరాలు, అలల హెచ్చరికలు ఇస్తుంది. రెండూ చూసుకునే బయల్దేరు.

వెళ్లగానే రాడ్డు విప్పకు. పది నిమిషాలు నిలబడి అలలు చూడు. అవి మొదట విరిగే చోట ఇసుక మెట్ట ఉంటుంది. దానికీ ఒడ్డుకీ మధ్య గుంట. పోటెక్కేటప్పుడు అలలు ఇసుకను కెలికి పీతపిల్లల్ని, పురుగుల్ని లేపుతాయి. వాటి కోసం గొరక చేపలు ఆ గుంటలోకే వస్తాయి. నువ్వు ఎరను వాటి నెత్తి మీదుగా దాటించేస్తున్నావు. చాలాసార్లు ముప్పై నలభై గజాలు సరిపోతాయి.

ఇంకోటి జాగ్రత్తగా విను. అలలు విరగకుండా, నురగ లేకుండా ముదురు రంగులో ఒక దారిలా కనిపిస్తే అక్కడ నీళ్లు లోపలికి లాగేస్తాయి. ఆర్కే బీచ్‌లో ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నది ఇలాంటి లాగుడులోనే. చేపలు అక్కడా ఉంటాయి. పొడి ఇసుక మీద నిలబడి వెయ్యి, మోకాలి లోతు కూడా దిగొద్దు.

రాళ్ల దగ్గర సీసం గుండును మెయిన్ లైనుకు నేరుగా కట్టకు. అంతకంటే సన్నటి లైను ముక్కతో వేరుగా వేలాడదియ్యి. ఇరుక్కుంటే ఆ ముక్కే తెగుతుంది, గాలం, చేప నీకు దక్కుతాయి.

జవాబు (ఫిషింగ్ హార్బర్ దగ్గర నుంచి):

మాది వేట మీద బతికే ఇల్లండి. ఫ్రీజర్ రొయ్య మెత్తబడి ఒక్క అలకే ఊడిపోతుంది. వాసన కొట్టే ఎరకు ముందు వచ్చేది జెల్లే. తెల్లారగట్ల హార్బర్‌లో తాజా రొయ్య గానీ కవళ్లు అనే చిన్న చేపలు గానీ కొనండి. రొయ్య పెంకు తీసి గాలానికి నిలువుగా ఎక్కించి, కుట్టు దారంతో నాలుగు చుట్లు చుట్టండి.

జెల్లకు వీపు మీద ఒకటి, రెండు పక్కల రెక్కల దగ్గర చెరొకటి ముళ్లు. చేత్తో పట్టొద్దు. తడి తువ్వాలుతో నొక్కిపెట్టి కటింగ్ ప్లేయర్‌తో గాలం తీయండి. మళ్లీ గుచ్చుకుంటే ఐసు పెట్టకండి. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంట నుంచి గంటన్నర ఉంచితే నొప్పి తగ్గుతుంది. వేడి ముందు రెండో చేత్తో చూసుకోండి, నొప్పిలో వేలు కాలినా తెలియదు. ముల్లు లోపల విరిగినా, వాపు పాకినా ఆసుపత్రికే.

అలివి వల (ఒడ్డు నుంచి చేతులతో లాగే పెద్ద వల) లాగుతున్న చోట గాలం వేయకండి, వాళ్ల చేతులు తెగుతాయి. తెగిన లైను ఒడ్డున వదలకండి. చలికాలం చివర్లో తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఆ ఇసుకలోకే ఎక్కుతాయి.

ప్రశ్న వేసినవారు:

అన్నా, నిన్న మీరు చెప్పిన లెక్క ప్రకారం తొమ్మిదింటికి వెళ్లాను. గుంటలో వేస్తే ఇరవై నిమిషాలకే రాడ్డు కొన టకటకమని రెండుసార్లు ఊగింది. అరచేయంత గొరక, బయటికి రాగానే కప్పలా బెకబెకమంది! మొత్తం మూడు పడ్డాయి. ఒకటి మరీ చిన్నదని వదిలేశాను. రీలు మాత్రం గరగరమంటోంది.

జవాబు (భీమిలి నుంచి):

చాలా సంతోషం తమ్ముడూ. ఆ గరగర ఉప్పుదీ ఇసుకదీ. ఇంటికి రాగానే డ్రాగ్ (రీలు లైనును వదలకుండా పట్టే బ్రేకు) బిగించి, కుళాయి సన్నగా తిప్పి కడుగు. జోరుగా పోస్తే ఉప్పు లోపలికి పోతుంది. నీడలో ఆరాక డ్రాగ్ వదులు చేసి, హ్యాండిల్ దగ్గర రెండు చుక్కలు రీల్ ఆయిల్ వెయ్యి.